తొమ్మిది వత్తుల సెమ్మె

దుర్గాంబ సెమ్మెను ఒళ్లోంచి దించలేదు.

పొద్దున్నే తలస్నానం చేసి, దాని కొమ్మలన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టి, గోడవారన చాప మీద కూర్చున్న మనిషి మధ్యాహ్నం తిరిగిపోయినా లేవలేదు. కాఫీ ముట్టలేదు, అన్నం ముట్టలేదు. గుండెకి వేసుకునే మాత్రను సుధామణి రెండుసార్లు తెచ్చింది, రెండుసార్లూ వెనక్కి పట్టుకెళ్లింది.

"ఏసుకో అత్తా. మాత్రకేటి దోషం?"

"దీపం ఎట్టీదాకా నా గొంతులోకి నీల్లు కూడా దిగవు. తొమ్మిదీ ఎట్టాల. నాలుగు కాదు, అయిదు కాదు. ఆ ముసిల్దానికి ముందే సెప్పీసీ."

సాయంత్రం దీపం పెట్టడానికి వచ్చే ఆ ముసలిది వయసులో దుర్గాంబకంటే చిన్నదే. ఆ సంగతి ఎత్తేంత ధైర్యం మాత్రం లమ్మడా పేటలోని ఆ నాలుగో అంతస్తు వాటాలో ఎవరికీ లేదు.

సుధామణి మాత్రను మళ్లీ కాగితంలో చుట్టింది. మేనత్తే అత్తగారైంది కాబట్టి ఆ ఇద్దరి మధ్య మీరు, గారు అనే మర్యాదలు ఎన్నడూ లేవు. కోపాలూ అంతే, అడ్డూ ఆపూ లేకుండా వచ్చేవి, పోయేవి. ఈ వారం వచ్చిన కోపం మాత్రం పోవడం లేదు.

"బుధవారం నుంచీ ఊరుకున్నావు కదా, ఈ ఒక్కరోజూ ఊరుకో," అంది.

"ఊరుకున్నాను. బుదవారం ఒకటే ఎట్టింది, ఊరుకున్నాను. మర్నాడు రెండు, నిన్న మూడు. శనివారాలు కావు గనక నోరు మూసుకు కూకున్నాను. ఈయాల శనివారమే. ఈయాల కూడా లెక్కెట్టి నాలుగే ఎడతానంటే, మరి నా అమర్‌గాడి గతేటి?"

ఆ పేరు వినగానే సుధామణి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ ఆమెకు పనేమీ లేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

అమర్ ఆమె కొడుకు. బర్మా సైన్యంలో బలవంతంగా చేరాలని పిలుపు వచ్చిందని తెలిసిన వారానికి, స్నేహితుడు సూరితో కలిసి సరిహద్దు వైపు బస్సెక్కాడు. సూరి తిరిగొచ్చాడు. దారిలో ఒక గేటు దగ్గర బస్సాపి కుర్రాళ్లను దింపారట. సూరి ఎలాగో తప్పించుకున్నాడు, అమర్ దొరికిపోయాడు. ఇప్పుడు ఊరి బయట ఒక శిక్షణ శిబిరంలో ఉన్నాడు. ఇంట్లో ఈ సంగతి దుర్గాంబకు తప్ప అందరికీ తెలుసు. ముసలామె లెక్కలో మనవడు ఎప్పుడో సరిహద్దు దాటేశాడు, అక్కడ ఫోన్లు పలకవు, అంతే.

"ఆడి నుంచి కబురేదైనా వొచ్చిందేటే?" అని ఆమె అడిగినప్పుడల్లా సుధామణి ఒకటే జవాబు చెప్పేది. శనివారం దీపాలు పెట్టు అత్తా, వాడికేం కాదు అని. అబద్ధం ఆడటం చేతకాని మనిషికి ఆ సెమ్మె పెద్ద ఆసరా అయింది. తొమ్మిది వత్తులూ వెలిగితే దుర్గాంబ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకునేది, ఇంకో వారం దాకా ఏమీ అడిగేది కాదు. ఆ వారం సుధామణికి కాస్త ఊపిరాడేది.

డాక్టరు మరీ మరీ చెప్పాడు, పెద్దావిడకి హఠాత్తుగా ఏ కబురూ చెప్పవద్దని. ఇవాళ ఆ వత్తులు వెలగకపోతే ముసలామె అడగడం మొదలుపెడుతుంది. ఎక్కడున్నాడు, ఎవరు చూశారు, ఎవరు చెప్పారు అని గుచ్చి గుచ్చి అడుగుతుంది. సుధామణి దగ్గర చెప్పడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

ఈ చిక్కంతా తెచ్చిపెట్టిన మనిషి డా మోజెల్, అంటే బర్మీస్ మర్యాదలో మోజెల్ అమ్మగారు. చౌక్తడా పేటలో పాత మేడ ఒకదానిలో ఒంటరిగా ఉంటున్న యూదుల ఆవిడ. ఆమె మేనత్త ఇంట్లో ఒకప్పుడు ఆయాగా పనిచేసింది దుర్గాంబ అత్తగారు చిన్నతల్లి. ఆ కుటుంబం దేశం విడిచి వెళ్లిపోతూ ఈ ఇత్తడి సెమ్మెను చిన్నతల్లి చేతిలో పెట్టి, ఉంచు, మావాళ్లెవరైనా వచ్చి అడిగితే ఇవ్వు అని చెప్పింది. ఎవరూ రాలేదు. తరం మారింది. ఈ బుధవారం మోజెల్ వచ్చింది.

తీసుకుపోతానని కూడా అనలేదు, అదే వచ్చిన ఇబ్బంది. తీసుకుపోతానంటే పోట్లాడవచ్చు. మా పండగ ఎనిమిది సాయంత్రాలు, రోజూ ఇక్కడికే వచ్చి వెలిగించుకుని వెళ్లిపోతాను అంది. మోకాళ్ల నొప్పులతో నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చి అడిగిన మనిషిని కాదనడానికి మాటలేవి?

ఆ సెమ్మెకు అటు నాలుగు కొమ్మలు, ఇటు నాలుగు, నడుమ వేలెడు ఎత్తున ఇంకొకటి. చిన్నతల్లి దాన్ని నవగ్రహాల దీపం అనుకుంది. అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఆ ఇంట్లో పండగ ఆఖరి సాయంత్రం మిఠాయి పంచేటప్పుడే పనివాళ్లను ముందుగదిలోకి పిలిచేవారు. ఆమె చూసిన ప్రతిసారీ తొమ్మిదీ వెలుగుతూనే ఉన్నాయి. తొమ్మిది అనగానే మనవాళ్లకు ఇంకేం తోస్తుంది? నడుమ ఎత్తున ఉన్నది సూర్యుడు, చుట్టూ మిగతావాళ్లు. బర్మా సర్కారు మనవాళ్లను ఓడలెక్కించి ఇండియాకి పంపేసిన రోజుల్లో చిన్నతల్లి శనివారం శనివారం ఆ తొమ్మిదీ వెలిగించింది. రేవులో పనిచేసే ఆమె కొడుకు సింహాచలం ఓడెక్కలేదు, ఇక్కడే మిగిలిపోయాడు. ఆ సింహాచలం భార్యే దుర్గాంబ. ఇంక ఆ దీపం మహిమ గురించి ఆమెతో వాదించేదెవరు?

మొదటి సాయంత్రమే ఆ నమ్మకానికి గండి పడింది. మోజెల్ ఒక చివర ఒక్క వత్తి పెట్టి, నడుమదాన్ని తీసి దాంతో వెలిగించి, మిగతా కొమ్మలు ఖాళీగా వదిలేసింది. మనవరాలు విజయ ఊరుకోక కథ అడిగింది. మోజెల్ చెప్పింది. వాళ్ల గుడిని శత్రువులు పాడుచేశారట. తిరిగి చేజిక్కించుకుని శుభ్రం చేసుకునేసరికి ఒక్కరోజుకి సరిపడా నూనే మిగిలిందట. అది ఎనిమిది రోజులు వెలిగిందట. అందుకని రోజుకొకటి పెంచుకుంటూ ఎనిమిది.

"మరి ఆ తొమ్మిదోది ఎవులిది?" అని దుర్గాంబ లోపలి గదిలోంచే అడిగించింది.

అది సేవకుడు, అంది మోజెల్. మిగతావాటిని వెలిగించడానికి ఒకరు ఉండాలి కదా, అది ఆ పని చేసి పక్కన నిలబడుతుంది. ఈ ఎనిమిదింటి వెలుగునీ ఏ పనికీ వాడుకోకూడదు, ఊరికే చూడాలంతే. పొరపాటున ఆ వెలుగులో ఏదైనా కంటపడినా, అది సేవకుడి వెలుగులోదే అనుకుంటాం.

"సూరీడ్ని పట్టుకుని పనోడంతాదేటి," అని దుర్గాంబ ఆ రాత్రంతా సణుగుతూనే ఉంది.

సుధామణికి చిక్కిన చిక్కు వేరు. కరెంటు రోజూ ఆ వేళకే పోతుంది. ఎప్పుడూ చేసినట్టే ఆమె బట్టల దుకాణం వాళ్ల జాకెట్లు తెచ్చుకుని, హుక్కులు కుట్టుకుందామని సెమ్మె పక్కన కూర్చుంది. మోజెల్ నెమ్మదిగా ఆ జాకెట్టు మడిచి పక్కన పెట్టింది. ఈ దీపాలు వెలుగుతున్నంతసేపు ఆడవాళ్లు పని చెయ్యరు తల్లీ, అరగంటే కదా అంది.

అరగంటట. సుధామణికి ఒళ్లు మండింది. ఇంటెడు చాకిరీ, వీధెడు కుట్టుపని, మనసులో మొయ్యలేని బరువు, వీటి మధ్య అరగంట ఊరికే కూర్చోమంటుంది. కూర్చుంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. చేతులు ఖాళీగా ఉంటే కొడుకు గుర్తొస్తాడు. రెండో సాయంత్రం వంటింట్లోకి పారిపోయింది. మూడో సాయంత్రం గోడకి చేరబడి నిద్రపోయింది.

గిన్నెలు బోర్లించి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. బాబూరావు చౌక్తడాలో ఒక సరుకుల ఏజెంటు దగ్గర గుమాస్తా. శనివారం సగం పూటే పని. ఇంటికొచ్చి చొక్కా మార్చుకుని మళ్లీ చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

"ఎక్కడికి?"

"టీ కొట్టు దాకా."

"ఇప్పుడే కదా వచ్చావు. బావా, ఈ రోజు అత్తకి చెప్పేద్దాం. నా వల్ల కావడం లేదు."

"ఈయాల కాదు."

"మరెప్పుడు?"

"సూద్దాం."

సూద్దాం అనేది పెళ్లినాటి నుంచీ ఆ మనిషి వాడుతున్న మాట. పిల్లల చదువులకీ సూద్దామే, కారే పైకప్పుకీ సూద్దామే. సుధామణి దానికి ఎప్పుడో అలవాటుపడింది. ఈ నాలుగు రోజులుగా మాత్రం అతను ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖంలోకి చూడటం లేదు. తల్లి కోపానికి జడుస్తున్నాడులే అనుకుంది. చెప్పులు దొరికాయి. మెట్లు దిగిపోయాడు.

పొద్దు వాలుతుండగా బాల్కనీలోంచి వీధిలోకి వేలాడే తాడును ఎవరో లాగారు. తాడు కొసన కట్టిన గంట మోగింది. విజయ వంగి చూసి, డా మోజెల్ వచ్చింది, చేయి అందించి తీసుకొస్తానని పరుగెత్తింది. ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి ఆయాసం తీర్చుకుంటూ ఆవిడ పైకి వచ్చేసరికి గది చీకటి పడింది. వాళ్ల ఆచారం ప్రకారం శనివారం చుక్కలు పొడిచేదాకా ఆవిడ అగ్గిపుల్ల ముట్టదు. అందుకే ఇవాళ ఆలస్యం.

వచ్చీ రాగానే ఆవిడ కళ్లు బల్ల మీదకు వెళ్లాయి. అక్కడ ఆవిడ నూనె సీసా ఒక్కటే ఉంది. సెమ్మె దుర్గాంబ ఒళ్లో ఉంది.

ఇద్దరు ముసలమ్మలూ మాట్లాడుకునేది బర్మీస్‌లోనే. ఇద్దరూ పుట్టింది ఈ ఊళ్లోనే మరి. దుర్గాంబ దాచకుండా చెప్పేసింది. ఇది శనివారం, నా మనవడి మీద మొక్కు, తొమ్మిదీ వెలగాలి, వెలిగిస్తానంటే ఇస్తాను, లేకపోతే లేదు.

మోజెల్ బెంచీ మీద కూర్చుని మోకాళ్లు రాసుకుంది. తర్వాత, ఇవాళ నాలుగో రోజు అంది.

"తెలుసు. నాకూ లెక్కొచ్చు."

"రేపటి దీపం రేపటిదే. ఇవాళే వెలిగిస్తే అబద్ధం ఆడినట్టు."

ఆ మాట దుర్గాంబతో అన్నదే అయినా తగలవలసిన చోట తగిలింది. సుధామణి తల వంచుకుంది.

మధ్యలో విజయ దూరింది. ఆ పిల్లకి తెలుగు అర్థమైనంత బాగా మాట్లాడటం రాదు, నాయనమ్మను కూడా బర్మీస్‌లో అఫ్వా అనే పిలుస్తుంది. "అఫ్వా, సింపుల్ కదా. ఇక్కడ నాలుగు, ఆ సర్వెంట్‌తో ఐదు. మిగతా నాలుగూ ప్రమిదల్లో పెట్టేద్దాం. టోటల్ నైన్. యబాడే," అంది, ఇంక ఫరవాలేదు అన్నట్టు చేతులు దులుపుకుని.

"సగం గెరహాలు ఒకింట్లో, సగం గెరహాలు ఇంకో ఇంట్లోనా?" అని దుర్గాంబ కసిరింది. "మీయమ్మమ్మ ఇంట్లో అలగ ఎడతారేటి? పోయి సదూకో."

మామూలుగానైతే నవ్వొచ్చేదే. ఎవరూ నవ్వలేదు.

సుధామణి మోజెల్‌ను బాల్కనీలోకి తీసుకెళ్లింది. తను ఏం చెయ్యబోతోందో తనకే సిగ్గుగా ఉంది. కింద టీ కొట్టు ముందు పొట్టి బల్లల దగ్గర మనుషులు కూర్చుని ఉన్నారు, అందులో బాబూరావు ఎవడో పోల్చుకోవడానికి లేదు. ఈ ఒక్కరోజూ ఆమె మాట కానివ్వండి అని ఆవిడను బతిమాలింది. దీపాలు మీవే, పండగా మీదే, నాకు తెలుసు, అయినా ఈ ఒక్కరోజు తొమ్మిది వెలగనివ్వండి అంది.

"మీ అత్తగారికి అంత నమ్మకమా?"

"ఆమెకు కాదు. నాకు కావాలి. అవి వెలిగితే ఆమె నన్నేమీ అడగదు."

అన్నాక గానీ తను ఏమందో ఆమెకే తెలియలేదు. ఇన్ని వారాలుగా ఆ మొక్కు అత్తగారిదే అనుకుంటూ వచ్చింది. నూనె పోసిందీ, వత్తులు చేసిందీ, శనివారం వచ్చిందని గుర్తుచేసిందీ తనే. ముసలామె ఎప్పుడైనా ఒంట్లో బాగోలేదు, ఈ వారం వద్దులేవే అంటే, లేదత్తా పెట్టాల్సిందే అని లేపి కూర్చోబెట్టిందీ తనే.

మోజెల్ ఆమె ముఖం వంక చూసింది. ఏమిటి, ఎందుకు అని అడగలేదు. లోపలికి వెళ్లి తన సంచీ తీసుకుంది. సరే, సెమ్మె మీ దగ్గరే ఉండనివ్వండి, నేను ఇంటికి వెళ్లి టీ కప్పుల్లో వెలిగించుకుంటాను, అదీ చెల్లుతుంది, దీపం దేంట్లో ఉందన్నది పెద్ద విషయం కాదు అంది. ఆ గొంతులో కోపం లేదు. అలసట ఉంది, అంతే. ఎక్కిన నాలుగు అంతస్తులూ మళ్లీ దిగాలి కదా.

ఆవిడ గుమ్మం దాకా వెళ్లాక దుర్గాంబ పిలిచింది. "నీ ఇంట్లో ఎవరుంటారు?"

"ఎవరూ లేరు."

"మరి ఎవరు చూస్తారు? చూడ్డానికే అన్నావు కదా."

మోజెల్ గుమ్మం పట్టుకుని నిలబడింది. నిజానికి కిటికీలో పెట్టాలి, వీధిలో పోయేవాళ్లంతా చూడాలి, మా పెద్దవాళ్లు అలాగే పెట్టేవారు అంది. రోజులు బాగోలేనప్పుడు మాత్రం లోపల బల్ల మీద పెట్టుకుంటే చాలన్నారు. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్లు చూస్తే చాలు.

"నీ బల్ల చుట్టూ ఎవరూ లేరు మరి."

"లేరు. అందుకే ఇక్కడికి వచ్చాను."

దుర్గాంబ ఇంకా ఏదో అడగాలనుకుని ఆగింది. మళ్లీ అడిగింది. దానితో ఏం కోరుకుంటారు మీరు, ఏం మొక్కుకుంటారు అని. ఏమీ లేదు, అంది మోజెల్. దాన్ని దేనికీ వాడుకోకూడదు, కోరికకి కూడా.

"ఏటీ కోరకుండా దీపమేటి," అని దుర్గాంబ తెలుగులో తనలో తాను అనుకుంది. ఆ మాట ఆమెను బాగానే ఇబ్బంది పెట్టింది. చాలాసేపు సెమ్మె వంక చూస్తూ కూర్చుంది. ఆమె మొండిదే కానీ చెడ్డది కాదు. ఎవరూ లేని ఇంట్లో టీ కప్పుల్లో దీపాలు పెట్టుకుని కూర్చునే ఆడదాన్ని ఊహించుకోవడం ఆమె వల్ల కాలేదు.

"ఒలే సుదామనీ, లేపు నన్ను," అంది.

లేచి, సెమ్మెను తన చేతులతోనే బల్ల మీద పెట్టింది. పసుపూ కుంకుమా కొంగుతో తుడవబోతే మోజెల్ వారించింది, ఉండనివ్వు, దానికేం అడ్డం అని.

"నాలుగే ఎట్టుకో. నా శనివారం నాను మల్లీ సూసుకుంతాను."

సుధామణి వెళ్లి కిటికీ తెర లాగింది, అదొక పని ఉన్నందుకు సంతోషిస్తూ.

చుక్కలు పొడిచాయో లేదో విజయ బాల్కనీలోకి వెళ్లి చూసి వచ్చింది. మోజెల్ కుడి చివర నుంచి నాలుగు కొమ్మల గిన్నెల్లో నూనె పోసి వత్తులు వేసింది. నడుమదాన్ని వెలిగించి చేతిలోకి తీసుకుంది. సన్నటి గొంతుతో ఏదో పాడుతూ ముందు ఇవాళ్టి కొత్త వత్తిని, తర్వాత మిగతా మూడింటినీ ముట్టించి, సేవకుణ్ని దాని చోట నిలబెట్టింది. అప్పుడే కరెంటు పోయింది. వీధి వీధంతా ఒక్కసారి ఉసూరుమని మూలిగింది, ఆ వెంటనే ఎక్కడెక్కడో జనరేటర్లు మొదలయ్యాయి.

సుధామణి చెయ్యి దానంతటదే జాకెట్ల మూట వైపు వెళ్లింది.

"కూకోయే," అంది దుర్గాంబ. "ఆడోల్లు పని సెయ్యకూడదంతంది కదా ఆవిడ. కూకో."

కూర్చుంది. విజయ ఆమె పక్కన కూర్చుంది. మోజెల్ కళ్లు దీపాల మీదే ఉన్నాయి. సెమ్మెకు అటువైపు నాలుగు కొమ్మలూ చీకట్లో ఖాళీగా ఉన్నాయి. దుర్గాంబ అలవాటు కొద్దీ రెండు చేతులూ జోడించబోయి, ఏం కోరకూడదన్నది గుర్తొచ్చి, ఆ చేతులను ఏం చెయ్యాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. కళ్లు కూడా మూసుకోలేదు. చూడాలన్నారు కదా, చూస్తూ కూర్చుంది.

అలా కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. కుట్టుపని లేదు, వంట లేదు, మొక్కు లేదు, పోట్లాట కూడా లేదు.

"ఒలే," అంది దుర్గాంబ, దీపాల మీంచి చూపు తిప్పకుండానే. "అమర్‌గాడు ఎక్కడున్నాడే?"

దీపాలు పెట్టు అత్తా అనడానికి లేదు. పెట్టేశారు. ఉండు అత్తా పాలు పొంగుతున్నాయి అని లేవడానికీ లేదు. సుధామణి తన చేతుల వంక చూసుకుంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిపోయిన వేళ్లు. ఎంత అలసిపోయానో అనుకుంది. పని వల్ల కాదు ఆ అలసట, చెప్పకుండా ఉండటం వల్ల.

"వాడు దాటలేదు అత్తా," అంది.

విజయ చప్పున తల్లి మోచెయ్యి పట్టుకుంది. సుధామణి ఆగలేదు. ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు. బస్సు ఆపిన సంగతీ, సూరి తప్పించుకున్న సంగతీ, అమర్‌ని తీసుకుపోయిన శిబిరం సంగతీ ఒకదాని వెంట ఒకటి చెప్పేసింది. ఆదివారాలు చిమిండైంగ్ సంతకని వెళ్లేది సంతకి కాదని చెప్పింది. తెల్లారకుండా అన్నం వండి కారియరులో పెట్టుకుని ఆ శిబిరం గేటు దాకా పోయేది. వాణ్ని చూడనివ్వరు. కారియరు మాత్రం లోపలికి తీసుకుంటారు, ఖాళీది తిరిగి ఇస్తారు. వాడు తిన్నాడనుకుని ఇంటికొచ్చేది.

చెప్పి, అత్తగారి ముఖం వంక చూడటానికి భయపడింది.

దుర్గాంబ గుండె పట్టుకోలేదు. కేకలు పెట్టలేదు. "ఇన్ని ఆదివారాలూ ఒక్కదానివే ఎల్లొచ్చావేటే?" అంది. ఆ తర్వాత ఏడ్చింది. చప్పుడు లేకుండా, దీపాల వంక చూస్తూనే ఏడ్చింది. ఆమె ఏడుపు చూసి సుధామణి కూడా ఏడ్చింది. సూరి వచ్చి కబురు చెప్పిన రోజున కూడా ఆమె ఏడవలేదు. భయపడినదేదో అయిపోయింది, ముసలామె బతికే ఉంది, ఇంక దాచనవసరం లేదు. ఆ క్షణాన ఆమెకు కలిగింది దుఃఖమో సుఖమో చెప్పడం కష్టం.

మోజెల్‌కు తెలుగు రాదు. అయినా ఏం జరుగుతోందో తెలియనంత పరాయి మనిషి కాదు. లేచి వెళ్లి కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి తెచ్చి దుర్గాంబ చేతికిచ్చింది. పొద్దుటి నుంచీ పట్టిన ఉపవాసం ఆ నీళ్లతో పోయింది. దుర్గాంబ తాగి, గ్లాసు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"రేపు ఆదివారమే కదా," అంది. "నానూ వొస్తాను."

"అత్తా, నువ్వు మెట్లు దిగి ఎన్నేళ్లయింది?"

"దిగుతాను. కూకుని కూకుని దిగుతాను. ఆ గేటు కాడ కూకుంతాను. ముసిల్దాన్ని ఏటి సేస్తారు? ఆడి నాయనమ్మనని సెప్తాను. ఒక్కసారి మొకం సూపించమంతాను. అన్నం ఎక్కువొండు. ఆడికి ఎండు రొయ్యలేసిన వంకాయ కూరంటే పేనం."

సుధామణి తల ఊపింది. ఇన్నాళ్లకి ఆ బరువుకు ఇంకో చెయ్యి పడింది. రేపు పొద్దున్నే ఎంత బియ్యం పోయాలి, ముసలామెను కూర్చోబెట్టడానికి పీట ఏది పట్టుకెళ్లాలి అని అప్పుడే ఆలోచనలో పడింది. నాలుగు వత్తులూ ఇంకా బాగానే వెలుగుతున్నాయి.

"ఆ గేటు కాడికి ఎల్లొద్దు."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. బాబూరావు ఎప్పుడు వచ్చాడో, ఎంతవరకు విన్నాడో తెలియదు. చీకట్లో నిలబడి ఉన్నాడు.

"ఎల్లి లాభం లేదమ్మా. ఆడక్కడ లేడు. లారీలెక్కించి యుద్దం జరిగీకాడికి పంపించీసేరట. ఎక్కడికో ఎవులికీ తెలీదు. సూరిగాడు టీ కొట్టు కాడికొచ్చి సెప్పేడు."

దుర్గాంబ కొడుకు వంక చూసింది. మోజెల్ ఏమీ అర్థంకాక ఒక్కొక్కరి ముఖమూ చూస్తోంది.

సుధామణి మనసు మాత్రం పోయిన ఆదివారం దగ్గరే ఆగిపోయింది. గేటు దగ్గర కారియరు తీసుకున్నారు. ఖాళీగా తిరిగి ఇచ్చారు. కడిగి మరీ ఇచ్చారు.

"ఎప్పుడు?" అంది. "బావా, నీకు ఎప్పుడు చెప్పాడు సూరి? ఈ రోజేనా, నాలుగు రోజుల కిందటా?"

చెప్పులు విప్పుకోవడానికి వంగిన బాబూరావు తల ఎత్తలేదు.